బూస్టర్ కొనే ముందు ఒకసారి మిద్దె ఎక్కండి

ప్రశ్న: మేము చెన్నై కొళత్తూరులో రెండంతస్తుల సొంత ఇంట్లో ఉంటున్నాము. మా మామగారిది నెల్లూరు జిల్లా. ఎనభై దాటిన ఆయనకు రోజూ కాసేపు సప్తగిరి చానల్ చూడాలని కోరిక. మిద్దె మీద ఒకప్పటి వైభవంలా పొడవాటి కమ్మీల పాత యాంటెన్నా ఇంకా నిలబడి ఉంది. దాని తీగను కొత్త టీవీకి తగిలిస్తే ఏమీ రాలేదు. కిందటి ఏడాది దూరదర్శన్ వారి ఉచిత ఉపగ్రహ సేవ ఫ్రీ డిష్ పెట్టించాము. కొన్ని నెలలు చక్కగా వచ్చింది. ఇప్పుడు బొమ్మ గళ్ళు గళ్ళుగా విడిపోయి ఆగిపోతోంది. మార్చి నెలలో అయితే నాలుగైదు రోజులపాటు పొద్దున పదకొండు గంటల వేళ, వాన చినుకు కూడా లేకుండా, మంచి ఎండలో బొమ్మ పోయింది. మెకానిక్ సిగ్నల్ పెంచే బూస్టర్ పెట్టించుకోమంటున్నాడు. పాత యాంటెన్నాకు పెట్టించాలా, డిష్‌కు పెట్టించాలా?
— ఒక పాఠకురాలు, చెన్నై

సమాధానం: రెండింటికీ ఇప్పుడే వద్దు. మీ ఉత్తరాన్ని బట్టి చూస్తే లోపం డిష్‌కూ గోడకూ మధ్య, లేదా డిష్‌కూ సెట్‌టాప్ బాక్సుకూ మధ్య ఉన్న కొద్ది మీటర్లలోనే ఉన్నట్టు తోస్తున్నది. అక్కడ పోయినదాన్ని బూస్టర్ తిరిగి తేలేదు. మార్చి నెల సంగతి మాత్రం పూర్తిగా వేరు. దానికి మీరు గానీ మెకానిక్ గానీ చేయగలిగింది ఏమీ లేదు, చేయవలసిన అవసరమూ లేదు. దాని గురించి తరువాత చెబుతాను.

ముందుగా పాత యాంటెన్నా విషయం. మద్రాసు దూరదర్శన్ 1975 ఆగస్టు 15న మొదలైన నాటి నుంచి ఇటువంటి యాంటెన్నాలు అందుకున్నది అనలాగ్ ప్రసారాన్ని. దూరదర్శన్ ఆ ట్రాన్స్‌మిటర్లను దశలవారీగా మూసివేస్తూ వచ్చి, 2022 నాటికి ఏవో కొన్ని ముఖ్యమైన చోట్ల తప్ప దేశమంతటా ఆపివేసింది. కాబట్టి మీ యాంటెన్నా చెడిపోలేదు. అది ఎదురుచూస్తున్న ప్రసారమే ఆగిపోయింది. దాని బదులు డీవీబీ-టీ2 అనే పద్ధతిలో డిజిటల్ ప్రసారాన్ని 2016 ఫిబ్రవరి 25 నుంచి పదహారు నగరాలలో ప్రవేశపెట్టారు. వాటిలో చెన్నై, బెంగళూరు ఉన్నాయి; మన హైదరాబాదు ఆ పదహారింటిలో లేకపోవడం తెలుగువాళ్ళం గుర్తు పెట్టుకోదగ్గ సంగతే. ఆ ప్రసారం అందుకోవాలంటే టీవీలోనే టీ2 ట్యూనర్ ఉండాలి, లేదా విడిగా టీ2 పెట్టె కొనాలి. మీ కొత్త టీవీ పెట్టె మీద గానీ, దానితో వచ్చిన పుస్తకంలో గానీ ఆ పేరు ఉందేమో చూడండి. ఉంటే ఒకసారి ఆటో స్కాన్ చేయండి. మీ ఇంటికి ఏం అందుతున్నదో పది నిమిషాలలో తేలిపోతుంది.

అయితే ఇందులో రెండు చిక్కులున్నాయి. మొదటిది కమ్మీల పొడవు. యాంటెన్నా కమ్మీ పొడవు దాదాపు తరంగం పొడవులో సగం ఉండాలి. మూడు వందలను మెగాహెర్ట్జ్ సంఖ్యతో భాగిస్తే తరంగం పొడవు మీటర్లలో వస్తుంది. పాత వీహెచ్‌ఎఫ్ కింది బ్యాండులో 60 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో ప్రసారమైతే తరంగం 5 మీటర్లు, కమ్మీ రెండున్నర మీటర్లు. అందుకే ఆ యాంటెన్నాలు అరటి గెల వేలాడదీయదగినంత భారీగా ఉండేవి. డిజిటల్ ప్రసారం వచ్చేది యూహెచ్‌ఎఫ్‌లో, అంటే 470 మెగాహెర్ట్జ్‌కు పైన. అక్కడ కమ్మీ ఒక అడుగుకు మించదు. పొడవాటి కమ్మీల మధ్య పొట్టి తరంగం తన దారిన తాను పోతుంది. రెండవ చిక్కు మరీ ముఖ్యమైనది. చెన్నై టవర్ నుంచి వచ్చేది దూరదర్శన్ వారి కొన్ని చానళ్ళు, వాటిలో ప్రాంతీయమైనది తమిళ చానల్. పొదిగై అన్న పేరు 2024 జనవరిలో డీడీ తమిళ్‌గా మారింది. మీ మామగారు కోరుతున్న సప్తగిరి ఆంధ్రప్రదేశ్ వారి చానల్. ఎంత మంచి యాంటెన్నా కొన్నా, దాన్ని దూరదర్శన్ కేంద్రం ఉన్న స్వామి శివానంద శాలై వైపు ఎంత గురిగా తిప్పినా, ఆ దారిలో సప్తగిరి రాదు. అది మీ ఇంటికి వచ్చే దారి ఉపగ్రహమే, అంటే మీ ఫ్రీ డిష్. ఇక నుంచి మన శ్రద్ధ అంతా దాని మీదనే పెడదాము.

బూస్టర్ మీద నాకు ఎందుకు అపనమ్మకమో ఒక మాట చెప్పుకోనివ్వండి. ఎనభైలలో మేము సూళ్ళూరుపేటలో ఉండేవాళ్ళము. అక్కడి నుంచి మద్రాసు టవర్ తగినంత దూరం కాబట్టి మా ఊళ్ళో యాంటెన్నా అంటే తాటిచెట్టుతో పోటీపడే గొట్టం. బొమ్మ నిండా చుక్కలు కనబడుతున్నాయని మా నాన్నగారు మద్రాసు వెళ్ళినప్పుడు ఒక బూస్టర్ తెచ్చి టీవీ వెనుక తగిలించారు. ఆ రాత్రి చుక్కలు మునుపటికంటే తళతళ మెరిశాయి, అంతే. మరునాడు గొట్టాన్ని మరో పది అడుగులు పెంచి, యాంటెన్నాను కాస్త తూర్పుకు తిప్పగానే మనిషి ముఖం కనబడింది. బూస్టర్ పని తన దగ్గరికి వచ్చినదాన్ని, అందులోని సిగ్నల్‌నూ రొదనూ కలిపి, పెద్దది చేయడం. యాంటెన్నా పట్టలేనిదాన్ని అది పుట్టించదు. పైగా తన సొంత రొదను కొంత కలుపుతుంది. దగ్గరలో సెల్ టవర్ ఉంటే చవక రకం బూస్టర్లు ఆ తాకిడికి ఉక్కిరిబిక్కిరై ఉన్న సిగ్నల్‌ను కూడా పాడు చేస్తాయి. దాని అసలైన ఉపయోగం ఒక్కటే. యాంటెన్నా దగ్గర సిగ్నల్ బాగుండి, కింది వరకు కేబుల్ చాలా పొడవు ఉంటే, ఆ దారిలో జరిగే నష్టాన్ని ముందుగానే భర్తీ చేయడానికి దాన్ని పైన, యాంటెన్నాకు ఆనుకొని పెడతారు. టీవీ వెనుక పెట్టేది ఆలస్యంగా వచ్చిన వైద్యమే. ఇక మీ డిష్ విషయానికి వస్తే, దాని ముందుకు చాచిన కడ్డీ చివర ఉపగ్రహ సిగ్నల్‌ను అందుకొనే ఎల్‌ఎన్‌బీ అనే చిన్న పరికరంలోనే బలమైన యాంప్లిఫయర్ ఉంటుంది. రెండంతస్తుల ఇంట్లో పాతిక, ముప్పై మీటర్ల కేబుల్‌కు ఇంకొకటి అక్కరలేదు.

డిజిటల్ ప్రసారం స్వభావం గ్రహిస్తే మీ కష్టం సగం అర్థమవుతుంది. అనలాగ్‌లో సిగ్నల్ తగ్గేకొద్దీ బొమ్మ కూడా మెల్లగా మసకబారుతూ ముందుగానే హెచ్చరించేది. డిజిటల్‌లో బాక్సు తన శక్తి కొద్దీ తప్పులు దిద్దుకుంటూ చివరి వరకు నిగనిగలాడే బొమ్మ చూపించి, ఒక హద్దు దాటగానే గళ్ళు పడి, ఆ వెంటనే నల్లబడుతుంది. కాబట్టి మొదటి నెలల్లో చక్కగా వచ్చినంత మాత్రాన డిష్ సరిగ్గా గురిపెట్టారని అనుకోకండి. హద్దుకు ఒక మెట్టు పైన నిలబెట్టి వెళ్ళిపోయి ఉండవచ్చు. అటు తరువాత ఒక గాలివాన, ఒక వదులైన బోల్టు, ఒక తుప్పు పట్టిన కనెక్టర్ చాలు.

నేనైతే మొదట కనెక్టర్లనే అనుమానిస్తాను. చెన్నై ఉప్పు గాలి అల్యూమినియాన్నీ రాగినీ దేన్నీ వదలదు. బాక్సు కరెంటు ప్లగ్ తీసేసి మిద్దె ఎక్కండి. కేబుల్ గుండా ఎల్‌ఎన్‌బీకి 13 లేదా 18 వోల్టుల కరెంటు వెళుతుంటుంది. అది మనిషికి ప్రమాదం కాదు గానీ, విప్పేటప్పుడు తీగలు తాకుకుంటే బాక్సు చెడే అవకాశం ఉంది. ఎల్‌ఎన్‌బీ అడుగున బిగించి ఉన్న ఎఫ్-కనెక్టర్‌ను, అంటే కేబుల్ చివరి మరను, వేళ్ళతో తిప్పి విప్పండి. మధ్యనున్న రాగి తీగ లేత ఎరుపుగా మెరుస్తూ ఉండాలి. నల్లగానో, పచ్చగానో ఉంటే, లేదా కేబుల్ లోపలి తెల్లటి భాగం తడిగా ఉంటే, మీ దొంగ దొరికినట్టే. అంగుళం, రెండంగుళాలు కోసి పారేస్తే చాలదు. నీరు కేబుల్ అల్లిక వెంట చాలా దూరం పాకుతుంది. కోసిన చోట రాగి శుభ్రంగా కనిపించే వరకు వెనక్కి కోయాలి, అప్పటికీ నల్లగానే ఉంటే కేబుల్ మొత్తం మార్చడమే మేలు. కొత్తది ఆర్‌జీ-6 రకమే కొనండి. సన్నటి పాత రకంలో నష్టం ఎక్కువ. ఆర్‌జీ-6 అయినా, ముప్పై మీటర్లలో యూహెచ్‌ఎఫ్ సిగ్నల్‌కు దాదాపు 5 డెసిబెల్, అంటే వచ్చినదానిలో మూడో వంతే మిగిలేటంత నష్టం ఉంటుంది. ఎల్‌ఎన్‌బీ బాక్సుకు పంపే పై ఫ్రీక్వెన్సీలలో ఇంకా ఎక్కువ. అందువల్ల మధ్యలో అతుకులు పెట్టవద్దు, మిగిలిన కేబుల్‌ను చుట్ట చుట్టి గోడకు వేలాడదీయవద్దు, అవసరమైనంతే ఉంచండి. కనెక్టర్ బిగించాక దాని మీద రబ్బరు టేపు చుట్టి, ఇంట్లోకి దూరే ముందు కేబుల్‌ను కిందికి ఒక వంపు తిప్పండి. వాన నీరు ఆ వంపు అడుగు నుంచి జారి పడిపోతుంది, లేదంటే కేబుల్ వెంటే నడిచి టీవీ దాకా వస్తుంది. ఒక సంగతి మరచిపోతున్నాను. రెండో టీవీ కోసం మధ్యలో సిగ్నల్‌ను రెండుగా పంచే చౌక స్ప్లిటర్ ఏమైనా పెట్టి ఉంటే, ముందు దాన్ని తీసేసి చూడండి.

రెండవది గురి. ఫ్రీ డిష్ ప్రసారాలు 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉన్న జీశాట్-15 నుంచి వస్తాయి. 2015 నవంబరులో ప్రయోగించిన ఈ ఉపగ్రహం చెన్నై నుంచి చూస్తే ఉత్తరం నుంచి కుడి వైపుకు లెక్కించినప్పుడు 134 డిగ్రీల దిశలో, అంటే ఇంచుమించు సరిగ్గా ఆగ్నేయంలో, భూమి నుంచి 68 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. ఈ 68 డిగ్రీలలో మీకు ఒక మంచి వార్త దాగి ఉంది. డిష్ కంటే 10 మీటర్లు ఎత్తున్న గోడ ఉన్నా, అది 4 మీటర్ల దూరంలో ఉంటే చాలు, ఉపగ్రహానికి అడ్డు రాదు. అందుకే ఎదురింటి వాళ్ళు మూడో అంతస్తు కట్టారని భయపడనక్కర లేదు. ఆగ్నేయంలో, చాలా దగ్గరగా, పైకి వంగిన కొబ్బరి మట్ట గానీ, నీళ్ళ ట్యాంకు గానీ ఉందేమో మాత్రమే చూడండి. కొబ్బరి మట్టలు గాలికి ఊగి అడ్డొచ్చినప్పుడల్లా బొమ్మ ఆగి ఆగి వస్తుంది. తడిసిన ఆకులైతే ఇంకా గట్టి అడ్డు.

ఫోనులోని దిక్సూచిని ట్యాంకు ఇనుప స్టాండుకు, కాంక్రీటు స్తంభాలకు దూరంగా పట్టుకొని దిశ చూసుకోండి. ఇనుము దగ్గర అది అబద్ధం చెబుతుంది. పక్కింటి డిష్ ఎటు చూస్తుంటే అటు తిప్పుదామనుకోకండి, వేర్వేరు కంపెనీల ఉపగ్రహాలు వేర్వేరు చోట్ల ఉంటాయి. ఇక డిష్ కూడా అంతగా పైకి తలెత్తినట్టు కనిపించదు. ఇళ్ళల్లో పెట్టే డిష్‌లు చాలా వరకు ఆఫ్‌సెట్ రకం. ఎల్‌ఎన్‌బీ కింద నుంచి మోసుకొస్తున్నట్టు పక్కకు జరిగి ఉంటుంది, డిష్ ముఖం నిజమైన గురి కంటే ఇరవై డిగ్రీలకు పైగా కిందికి వాలినట్టు కనిపిస్తుంది. చాలామంది 'ఇదేమిటి, ఇంత కిందికి చూస్తోందే' అని దాన్ని పైకెత్తి ఉన్నది కాస్తా పోగొట్టుకుంటారు.

గురి ఎంత సున్నితమో ఇలా ఊహించుకోండి. అరవై సెంటీమీటర్ల డిష్ అంచు అర సెంటీమీటరు కదిలితే గురి ఒక డిగ్రీ తప్పినట్టు. ఉపగ్రహం ఉన్న దాదాపు 36,000 కిలోమీటర్ల దూరంలో ఆ ఒక్క డిగ్రీ ఆరు వందల కిలోమీటర్లకు పైమాటే. పైగా 95 డిగ్రీల దగ్గర వేరొక కంపెనీ ప్రసారాలు చేసే ఉపగ్రహం ఉంది, మీ ఉపగ్రహానికి ఒకటిన్నర డిగ్రీల దూరంలో. ఒకసారి నేను పొద్దున్నంతా కూర్చొని బలం గీత నిండా చూపించే స్థానాన్ని పట్టుకొని సంబరపడ్డాను. ఒక్క చానల్ కూడా రాలేదు. పక్క ఉపగ్రహానికి నమస్కారం పెడుతున్నానని గ్రహించేసరికి మధ్యాహ్నం దాటింది. బాక్సు మెనూలో బలం, నాణ్యత అని రెండు గీతలు ఉంటాయి కదా, బలం గీత ఎల్‌ఎన్‌బీ సొంత రొదకే పెరుగుతుంది, గోడకు చూపించినా కొంత లేస్తుంది. నాణ్యత గీత మాత్రమే నిజం చెబుతుంది. జీశాట్-15ను ఎంచుకొని, నాణ్యతనే చూస్తూ తిప్పాలి.

దీనికి ఇద్దరు కావాలి. ఒకరు మిద్దె మీద, ఒకరు టీవీ ముందు. మీ మామగారిని టీవీ ముందు కూర్చోబెట్టి, ఫోనులో నాణ్యత సంఖ్య గట్టిగా చదవమనండి; 'వచ్చిందా, వచ్చిందా' అని పైనుంచి అరిచిన కాలం ఆయనకు గుర్తుంటుంది, ఆ పని చేయడానికి ఇబ్బంది పడరు. ఎడమ కుడి నట్టును చేత్తో కదిలేంత మాత్రమే వదులు చేసి, కొద్దిగా కదిపి, ఐదు లెక్కపెట్టి, సంఖ్య అడగండి. బాక్సు ఆలస్యంగా స్పందిస్తుంది, తొందరపడితే శిఖరం దాటిపోతారు. గరిష్ఠం దొరికాక దాన్ని కొంచెం దాటించి మళ్ళీ వెనక్కి తెచ్చి నిర్ధారించుకొని, ఎత్తు విషయంలోనూ అలాగే చేయండి. చివరగా ఎల్‌ఎన్‌బీని దాని పట్టులో అటూ ఇటూ కొద్దిగా మెలితిప్పి చూడండి. తరంగాలు నిలువుగానో, అడ్డంగానో కంపిస్తూ వస్తాయి. ఆ కోణం కుదరకపోతే రెండు రకాలూ కలిసిపోతాయి. మెకానిక్‌లు ఎక్కువగా వదిలేసే సవరణ ఇదే. నట్లు బిగించేటప్పుడు కూడా సంఖ్య చూస్తూనే బిగించండి, బిగింపులోనే డిష్ ఒక డిగ్రీ పక్కకు జరగడం మామూలు.

డిష్‌ను నిలబెట్టిన కాలును గట్టిగా ఊపి చూడండి. అది కదిలితే ఇప్పటిదాకా చేసినదంతా వృథా. ఇటుక గోడ పూతలో కొట్టిన చీలలు మొదటి గాలివానకే వదులవుతాయి. కాంక్రీటు స్లాబులోకి లేదా గట్టి గోడలోకి యాంకర్ బోల్టులు వేయించండి. ఈశాన్య రుతుపవనాల కాలానికి, అంటే అక్టోబరుకు ముందే ఈ పని పూర్తయితే మంచిది. మీ పాత యాంటెన్నా గొట్టానికి డిష్‌ను బిగించాలనే ఆలోచన వస్తే మానుకోండి. కమ్మీల మధ్య నుంచి గాలి దూసుకుపోతుంది, డిష్ మాత్రం గాలికి తెరచాప.

భారీ వాన పడుతున్నంతసేపు బొమ్మ పోవడం లోపం కాదు. డిష్ అందుకొనే కేయూ బ్యాండు తరంగాలను పెద్ద చినుకులు మింగేస్తాయి. కానీ మామూలు తుంపరకే పోతే, గురి హద్దు మీద ఉందని అర్థం. గురి సరిచేసినా చాలదనిపిస్తే తప్ప పెద్ద డిష్ జోలికి వెళ్ళకండి. 60 సెంటీమీటర్ల బదులు 90 సెంటీమీటర్లది పెడితే మూడున్నర డెసిబెల్ దాకా, అంటే రెండు రెట్లకు మించిన సిగ్నల్ దక్కుతుంది. కాని ఆ డిష్ గురి మరింత సున్నితం, గాలికి మరింత లొంగుతుంది.

ఇక మీ మార్చి పదకొండు గంటల రహస్యం. పగలూ రాత్రీ సమానంగా ఉండే విషువత్తులకు కొద్ది రోజుల అటూ ఇటూ సూర్యుడు భూమి నుంచి చూసినప్పుడు ఉపగ్రహానికి సరిగ్గా వెనుక నుంచి దాటుతాడు. సూర్యుడు కూడా రేడియో తరంగాలు వెదజల్లే పెద్ద దీపమే కాబట్టి ఆ కొద్ది నిమిషాలు డిష్‌లోకి సూర్యుని రొద నిండి, ఉపగ్రహం గొంతు వినిపించదు. చెన్నైలో జీశాట్-15కు ఇది మార్చి మధ్యలోనూ, సెప్టెంబరు చివరలోనూ, వరుసగా కొన్ని రోజులు, పొద్దున సుమారు పదకొండు గంటలప్పుడు జరుగుతుంది. మీరు చెప్పిన తేదీలూ వేళా దానికి చక్కగా సరిపోయాయి. అప్పుడు బాక్సును గానీ డిష్‌ను గానీ ముట్టుకోకండి. పైగా ఆ పది నిమిషాలు మీకు ఉపయోగపడతాయి. ఆ వేళకు సూర్యుడు ఉన్న చోటే ఉపగ్రహం ఉన్న చోటు కాబట్టి, డిష్ పూర్తిగా ఎండలో ఉంటే దారిలో అడ్డు లేదు. దాని మీద కొమ్మ నీడ గానీ ట్యాంకు నీడ గానీ పడి ఉంటే అదే అడ్డు. వచ్చే సెప్టెంబరు చివరలో ఒకసారి మిద్దె ఎక్కి చూడండి.

సప్తగిరి విషయంలో ఇంకొక్క జాగ్రత్త. పాత ఎంపెగ్-2 బాక్సులు ఎంపెగ్-4 పద్ధతిలో వచ్చే చానళ్ళను చూపించలేవు. మీ బాక్సు ఏ రకమో అడుగున రాసి ఉంటుంది. బొమ్మ నాణ్యత బాగుండి సప్తగిరి ఒక్కటే కనిపించకపోతే బాక్సునే అనుమానించి, ముందుగా ఒకసారి చానళ్ళను మళ్ళీ వెతికించండి. ఫ్రీ డిష్‌లో చానళ్ళ స్థానాలు తరచూ మారుతుంటాయి. ఇంతవరకు చెప్పినవన్నీ వరుసగా చూశాక కూడా నాణ్యత సంఖ్య లేవకపోతే, అప్పుడు ఎల్‌ఎన్‌బీ మార్చండి. వాన నీరు చేరి చెడిపోయే భాగం అదే, దాని ధర కూడా తక్కువే. మీ చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో దొరుకుతుంది. దానితో పాటు బూస్టర్ కూడా అంటగట్టబోతే వద్దని చెప్పి రండి.